ముందట నేను, ఎనుక మా సారు: అరకు దాక ఒక సైకిల్ రోజు

(తార్నాకల ఒక కాలనీ హాల్‌ల ఆదివారం పొద్దున ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేసింది.)

అందరికి నమస్కారం. ఎనుక కూసున్నోళ్ళకి వినబడుతుందా? ఆఁ, మంచిది. నేను రోజు మాట్లాడేది ఎనిమిదో తరగతి పిల్లలతోని, వాళ్ళకి సైన్స్ చెప్త, ఇట్ల పెద్దోళ్ళ ముందట మైక్ పట్టుకునుడు ఇదే ఫస్ట్‌టైమ్, మధ్యల ఎక్కడన్న "ముచ్చట్లు బంద్, ఇటు చూడున్రి" అంటె ఏమనుకోవద్దు. (నవ్వులు)

పోయిన నెల సెక్రెటరీ గారు అడిగిన్రు, మేడం మీరిద్దరు సైకిల్ మీద అరకు ఘాట్ ఎక్కిన్రంట గదా, దాని గురించి ఓ అర్ధగంట చెప్పున్రి అని. నేనేమన్న అంటె, మా సారుని, అంటె మా ఇంటాయనని, పిలువున్రి, లెక్కలన్ని ఆయన ఎక్సెల్ షీట్ల ఉన్నయి, ఏ కిలోమీటర్ కాడ ఎన్ని నీళ్ళు తాగినమో కూడ రాసి పెట్టిండు అన్న. ఆయన ఒప్పుకోలే. "నేను కాదు, ఆమెనే చెప్పాలె, ముందట పోయింది ఆమెనే" అన్నడు. అగో, మూడో లైన్ల కూసొని నేల చూస్తున్నడు చూడున్రి. ఆ "ముందట పోయింది ఆమెనే" అనే మాట ఆయన నోట్లకెల్లి రానీకి రెండేండ్లు పట్టింది, ఇయ్యాల నేను చెప్పేదంత దాని సంగతే.

ముందుగాల ఒకటి చెప్పాలె. అనంతగిరి అనంగనె మనోళ్ళందరికి వికారాబాద్ యాదికొస్తది, మూసీ పుట్టిన గుట్టలు. అది మన అనంతగిరి. ఇంకో అనంతగిరి ఉంది, విశాఖపట్నం నుంచి అరకు పోయే ఘాట్ రోడ్డు మీద, 2022 ఏప్రిల్‌ల కొత్తగ అయిన అల్లూరి సీతారామరాజు జిల్లాల. మా ఇద్దరికి రెండు అనంతగిరులతోని లెక్క ఉంది, ఒకదాంట్ల కొట్లాట అయింది, రెండోదాంట్ల రాజీ అయింది. (నవ్వులు)

కొట్లాట ముచ్చట ముందు. మా సారుకి షుగర్ బార్డర్‌ల వచ్చింది, డాక్టర్ రోజు నడువుమన్నడు, ఈయనకేమో నడుసుడు బోరు, సైకిల్ కొన్నడు. నెలకి నాకొకటి తెచ్చిండు, నేను అడగనే లేదు. 2023ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పేసిన సైకిల్ ట్రాక్ ఓపెన్ చేసిన్రు గదా, మొత్తం 23 కిలోమీటర్లు, నార్సింగి, కొల్లూరు దిక్కు, ఆదివారం ఆదివారం అక్కడికి పోయేది. బాగుంటది, పైన నీడ, కింద సాఫ్ రోడ్డు, లారీ రాదు, కుక్క రాదు. ఓ 30 కిలోమీటర్లు ఆగకుంట తొక్కుడు అలవాటు కాంగనె మాకు పొగరెక్కింది. ఇగ వికారాబాద్ గుట్ట ఎక్కుదాం పా అన్నడు, కార్ల సైకిళ్ళు వేసుకొని పోయినం.

జంటగ పోయేటోళ్ళు ఇది జర ఇనున్రి. చడావ్, అంటె గుట్ట ఎక్కుడు, మొదలైంది. ఆయన కాళ్ళల్ల నాకంటె బలమున్నది, ఒప్పుకుంట. ముందటికి పోయిండు. మలుపు కాడ ఆగిండు, నీళ్ళు తాగిండు, ఫోటో తీసుకున్నడు, నాకోసం ఎనుకకి చూస్తున్నడు, మంచోడే పాపం. నేను ఆయాసపడుకుంట ఆ మలుపు కాడికి వచ్చిన. రాంగనె "వచ్చినవా, పా పోదాం" అని పెడల్ మీద కాలు పెట్టిండు! ఇంకో మలుపు, మళ్ళ గంతే. మూడు మలుపుల ఆయనకి మూడుసార్లు రెస్ట్ దొరికింది, నాకు ఒక్కసారి దొరకలే. నాలుగో మలుపు కాడ సైకిల్ గడ్డిల పడేసి రోడ్డు అంచుకి కూసున్న. "నువ్వు ఆగుతున్నది నాకోసం కాదు, నీకోసం" అన్న. అంతే, ఇంటి దాక మాటల్లేవు. చేవెళ్ళ కాడ కాల్చిన మక్కకంకులు కొనిచ్చిండు, తిన్న, అయినా మాట్లాడలే. (నవ్వులు)

తర్వాత కూసొని నేనే ఆలోచించిన. ఎదురుగాలిల ఫ్లాట్ రోడ్డు మీద పోయేటప్పుడు బలమున్నోళ్ళు ముందుండాలె, అది కరెక్టే, ఎందుకంటె స్పీడుల మన శక్తి ఎక్కువ గాలిని తోసుడుకే పోతది, ముందటోడు గాలి చీలుస్తె ఎనుకటోళ్ళకి సులువైతది. కాని ఘాట్‌ల మన స్పీడెంత? గంటకి ఏడు, ఎనిమిది కిలోమీటర్లు, ఒక్కోకాడ ఐదు. ఆ స్పీడుల గాలి లెక్క ఏముంది? అంత బరువు లెక్కనే. అంటె అక్కడ బలమున్నోళ్ళు ముందుంటె ఎనుకటోళ్ళకి ఒరిగేది ఏం లేదు, ఉత్తగ మనసు కష్టపడుడు తప్ప. మెల్లగ పోయేటోళ్ళు ముందుంటె ఆగుడు కూడ వాళ్ళ ఇష్టం, లేసుడు వాళ్ళ ఇష్టం, ఎనుకటోళ్ళు ఎట్లైన అందుకుంటరు. ఇది సారుకి చెప్తె "మెల్లగ పోతె బ్యాలెన్స్ దొరకదు" అన్నడు. దొరకకపోతె చిన్న గేరు ఎయ్యి అన్న.

ఇగ అరకు. పోయిన ఏడాది నవంబర్ ఆఖరి వారం. ఆ టైముల ఎందుకంటె వానలు ఎనుకబడతయి, వలిసె పూలు ఉంటయి, కాఫీ పండ్లు ఎర్రగైతయి. ప్లాన్ ఏందంటె ఎస్.కోట, అదే శృంగవరపుకోట, ఘాట్ కింద ఊరు, రాత్రి అక్కడ ఉండి తెల్లారంగనె లేసి ఘాట్ ఎక్కి మాపటికి అరకుల దిగాలె. 60 కిలోమీటర్లకి జర ఎక్కువే ఉంటది. కిలోమీటర్లు చూస్తె మన ఔటర్ ట్రాక్ మీద రెండున్నర, మూడు గంటల పని. మా సారు ఎక్సెల్‌ల ఏడు గంటలు వేసిండు, తిండి, ఫోటోలతోని కలిపి. పన్నెండు గంటలకి పైన పట్టింది. ఎట్ల పట్టిందో చెప్త.

సైకిళ్ళు ట్రైన్ పార్సిల్‌ల వెయ్యొచ్చు, మేము టికెట్లు ఆలస్యంగ చూసుకున్నం, ఒక ప్రైవేట్ బస్సు డిక్కీల వేసినం. రాత్రంత ఆ సైకిళ్ళ మీద ఎవరి మూటలు పడ్డయో ఏమో, విశాఖపట్నంల దించితె నా సైకిల్ ఎనుక గేరు లోపటికి ఒరిగి ఉన్నది. బస్సోడు "మేం పెట్టినప్పుడే అట్ల ఉండె మేడం" అన్నడు. సరే, వానితోని ఏం కొట్లాడుతం.

ఇక్కడ జర సైన్స్ టీచర్ అయిత. చైన్‌ని ఒక పళ్ళ చక్రం మీదికెల్లి ఇంకోదాని మీదికి జరిపే ముక్క ఉంటది, డెరైలర్ అంటరు, అది ఫ్రేముకి డైరెక్టుగ బిగించరు, మధ్యల ఒక చిన్న అల్యూమినియం కొక్కెం ఉంటది, హ్యాంగర్. దెబ్బ తగిలితె ఫ్రేము బతకాలె, కొక్కెం వంగాలె అని దాన్ని కావాలనే మెత్తగ చేస్తరు. అది లోపటికి వంగిందనుకోండి, మామూలు గేర్లల్ల టకటక చప్పుడొస్తది గంతే. కాని చడావ్ కోసం అన్నిటికంటె పెద్ద పళ్ళచక్రం మీదికి చైన్ వేస్తరు చూడున్రి, మనం చిన్న గేరు అనేది అదే, అప్పుడు డెరైలర్ చక్రంల పుల్లలకి తగుల్తది. తగిలిందంటె పుల్లలు తెగుతయి, డెరైలర్ ముక్కలైతది, ఇంక ఘాట్ లేదు, ఏం లేదు. అంటె ఏ గేరు కోసమైతె నేను అంత దూరం పోయిన్నో ఆ గేరే వెయ్యరాదు.

ఎస్.కోటల సందు చివర ఒక సైకిల్ షాపు. షాపు అంటె ఒక రేకు కింద గాలి పంపు, నీళ్ళ తొట్టి, గోడకి పాత టైర్లు. ఒక పెద్దాయన, లుంగీ మీద ఉన్నడు. సైకిల్ చూసి "ఏటమ్మా, దీని మీద కొండెక్కుతారేటి?" అన్నడు. అవునన్న. "మా కుర్రోళ్ళు దిగడానికే బయపడతారు" అని నవ్విండు. మా సారు ఫోన్‌ల వీడియో పెట్టి చూపియ్యబోయిండు, దీనికి అలైన్‌మెంట్ టూల్ ఉంటదండి అని. ఆయన ఆ వీడియో చూడనే లేదు. డెరైలర్ విప్పి పక్కన పెట్టిండు. లోపటికెల్లి పిల్లల పాత గేర్ల సైకిల్ ఎనుక చక్రం తెచ్చిండు. ఆ చక్రం ఇరుసు కొసని, నా హ్యాంగర్‌ల ఉన్న మర బొక్కలకి పెట్టి తిప్పిండు. కూసుంది! ఇప్పుడు నా చక్రం పక్కనే ఇంకో చక్రం, కవల పిల్లల లెక్క. హ్యాంగర్ నిటారుగ ఉంటె రెండు చక్రాల మధ్యల సందు అంతట ఒక్కతీరు ఉండాలె గదా. వేళ్ళు పెట్టి కొలిచిండు, పైన నాలుగు వేళ్ళు పట్టినయి, కింద రెండే పట్టినయి. "ఇది ఇనుము కాదమ్మా, మాటిమాటికీ వంచితే ఇరిగిపోద్ది, ఒక్కపాలే అవ్వాల" అన్నడు. మా సారుని సైకిల్ గట్టిగ పట్టుకొమ్మన్నడు, ఆ చక్రాన్ని రెండు చేతులతోని పట్టుకొని ఊపిరి బిగబట్టి మెల్లగ ఇవతలకి గుంజిండు. మళ్ళ వేళ్ళు పెట్టిండు. నాలుగు, నాలుగు. ముందటా ఎనుకా చూసిండు, అక్కడా నాలుగు. 60 రూపాయలు తీసుకున్నడు. మా సారు ఎక్సెల్ షీట్ల "రిపేరు 60" అని ఉంటది, అంతకంటె ఎక్కువ రాయాలె అది.

తెల్లారి ఐదున్నరకి బయలెల్లినం. మంచు. చేతులకి సాక్సులు తొడుక్కున్న, గ్లౌజులు తేలేదు, నవ్వకున్రి. సంచిల సర్వపిండి, పల్లిపట్టీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ముందు నేను. ఎనుక సారు. బొడ్డవర దాటంగనె రోడ్డు లేసుడు మొదలైతది. అది 516ఈ జాతీయ రహదారి, రాజమండ్రి నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదికెల్లి విజయనగరం దాక ఒకటే రోడ్డు, లారీలు, బస్సులు, టూరిస్టు కార్లు అన్ని ఉంటయి. పొద్దుగాల పోతె ఆ లొల్లి తక్కువ, టూరిస్టులు తొమ్మిదింటి దాక లేవరు.

చడావ్ గురించి చెప్పడానికి పెద్దగ ఏం లేదండి, నిజం చెప్తున్న. చిన్న గేరు వేసి, ఊపిరి లెక్కపెట్టుకుంట తొక్కుడే. పక్కన మనిషితోని ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితె స్పీడు కరెక్ట్ ఉన్నట్టు, మాట మధ్యల తెగితె ఎక్కువ పోతున్నట్టు. మేము అట్లనే చూసుకున్నం. సారు ఎనుకకెల్లి "ఇగో, ఇంటి ఈఎంఐ కట్టినవా" అని అడుగుతడు, నేను పూర్తిగ జవాబు చెప్పగలిగితె పోవాలె, చెప్పలేకపోతె ఆగాలె. (నవ్వులు) నాకు అలసటైతె చెయ్యి లేపి ఆగుత, ఆయన వచ్చి పక్కన ఆగుతడు, నాకు చాలనిపించినప్పుడు ఎక్కుత. ఆ ఒక్క మార్పు. ఇద్దరం ఒక్కతీరు అలిసినం, ఒక్కతీరు తిన్నం, వికారాబాద్ ముచ్చట ఎవరం ఎత్తలే.

టైడ కాడ ఫస్ట్ రైలు చూసినం. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే లైన్ అది, కేకే లైన్ అంటరు. మనం అద్దాల బోగీల కూసొని సొరంగాలు లెక్కపెట్టుకుంట అరకు పోతం గాని, ఆ లైన్ వేసింది టూరిస్టుల కోసం కాదు, 1960లల్ల బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం విశాఖ ఓడరేవుకి దించి జపాన్‌కి పంపనీకి వేసిన్రు. కొండల నడుమ 50కి పైన సొరంగాలు. పైన శిమిలిగుడ అని స్టేషన్ ఉంటది, 996 మీటర్ల ఎత్తు, బ్రాడ్‌గేజ్‌ల దేశంలనే ఎత్తైన స్టేషన్ అని ఒకప్పుడు బోర్డు మీద రాసుకున్నరు. మేము చూస్తుంటె ఒక గూడ్స్ దిగుతుంది, ఎర్రటి దుమ్ము పట్టిన వ్యాగన్లు, కీచుమని ఒకటే చప్పుడు, అయిపోతనే లేదు. నేను సారుకి చూపించిన, ఆ బండికి ఎక్కేటప్పుడు ఖాళీ, దిగేటప్పుడు నిండు బరువు, ఆ డ్రైవర్‌కి అసలు పని దిగుడుల ఉంటది అని. "మనకి బరువేముంది, ఉతార్ల కాళ్ళు చాపుకొని పోవుడే" అన్నడు ఆయన. యాదిపెట్టుకోండి ఈ మాట.

మధ్యల బొర్రా గుహల దిక్కు తిరిగే దారి వస్తది. పోలే. బొర్రా చూడాలంటె దానికి వేరే రోజు కావాలె, సైకిల్ బయట పెట్టి ఒకరు లోపటికి ఒకరు బయట, అదంత వేస్ట్. జంటగ పోయినప్పుడు ఒక రోజుకి ఒకటే పెట్టుకోవాలె, లిస్టు రాసుకొని టిక్కులు కొట్టుడు నాకు నచ్చదు. ఆయనకి నచ్చుతది.

అనంతగిరి చేరేసరికి పదకొండు దాటింది. అక్కడికెల్లి కాఫీ తోటలు. మీరు తోట అనంగనె వరుసలు వరుసలు అనుకుంటరు, అట్ల ఉండదు, అడివి లెక్కనే ఉంటది. పైన పొడుగు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకొని మిరియాల తీగ, ఆ నీడల కింద కాఫీ చెట్లు. కాఫీకి ఎండ డైరెక్టుగ పడొద్దు. అరకు వ్యాలీ అరబికాకి 2019ల జీఐ ట్యాగ్, అంటె ఆ ప్రాంతం పేరు మీద ఇచ్చే గుర్తింపు, వచ్చింది, పండించేది ఎక్కువ గిరిజన రైతులే, చిన్న చిన్న తోటలు. రోడ్డు పక్కన ఒక అమ్మ పండ్లు తెంపుకుంట ఉన్నది, వెదురు బుట్ట నడుముకి కట్టుకొని. ఎర్రగైనయే తెంపుతుంది, పచ్చయి ముట్టుకోదు, ఒక్క కొమ్మకే ఎరుపు, పచ్చ రెండు ఉంటయి, అందుకే మిషిన్ పెడితె కాదు, మళ్ళ మళ్ళ వచ్చి చేత్తోనే తెంపాలె. నాకు ఒకటి చేతిల పెట్టింది. నోట్ల వేసుకున్న. తొక్క తియ్యగుంటది, పల్చగ, లోపట రెండు గింజలు జిగట జిగటగ, పాలిష్ పట్టిన పెసరపప్పు నానబెట్టినట్టు. కాఫీ వాసన అస్సలు లేదు! అదంత వేయించినంక వచ్చేది. "గింజ ఊసెయ్యమ్మా" అన్నది. ఊసిన. "ఎవులూరమ్మా?" అన్నది. హైదరాబాద్ అన్న. "సైకిలు మీదే వచ్చీసినారేటి?" అంటె, కాదు కాదు, ఎస్.కోట నుంచే అని చెప్తె "అదే ఎక్కువ" అన్నది.

గాలికొండ. పేరుకి తగ్గట్టె గాలి. వ్యూపాయింట్ కాడ కార్లోళ్ళు ఆపుకొని సెల్ఫీలు, బొంగులో చికెన్ పొగలు, వెదురు బొంగు కాలుతున్న వాసన. మా సారు తిందామన్నడు. దిగినంక తిందాం, నిండు కడుపుతోని దిగుడు వద్దు అన్న. అక్కడ ఒకాయన కార్ల నుంచి దిగి, సారుని చూసి "కంగ్రాట్స్ అంకుల్, కష్టమైనదంత అయిపోయింది" అన్నడు. అందరు ఇదే అనుకుంటరు.

ఇప్పుడు చూడున్రి. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకోండి. 100 మీటర్ల ఎత్తు దిగితె 88 వేల జౌల్స్ పైన శక్తి యాడికో పోవాలె. కొంత గాలి తీసుకుంటది, మెల్లగ దిగుతుంటె మిగిలిందంత బ్రేకుల మీదనే. 88 వేల జౌల్స్ అంటె పావు లీటర్ నీళ్ళు చల్లగున్నకాడికెల్లి మరిగేంత. ఇద్దరికి రెండు కప్పుల చాయ్ నీళ్ళు. ఆ వేడంత బొటనవేలంత రబ్బరు ముక్కల మీద, చక్రం అంచు మీద పడతది. అందుకే బ్రేక్ పట్టుకొని అట్లనే వదలకుంట దిగొద్దు, మలుపుకి ముందు గట్టిగ పట్టి, వదిలి, మళ్ళ పట్టాలె, మధ్యల గాలి తగిలి చల్లారాలె. ఇంకోటి, స్పీడు రెండింతలైతె ఆగే దూరం నాలుగింతలైతది, రెండింతలు కాదు. పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా పరీక్షల రెండింతలే రాస్తరు.

నాది డిస్క్ బ్రేకు. సారుది పాత మోడల్, రిమ్ముని రెండు దిక్కుల రబ్బరు పట్టుకునేది. నేను ముందు, ఆయన ఎనుక రెండు కరెంటు స్తంభాల దూరంల ఉండాలని మాట. రెండు మలుపులు దిగినమో లేదో, ఎనుకకెల్లి గర్ర్‌ర్‌మని చప్పుడు. సైకిల్ చప్పుడు కాదది, ఇనుము మీద ఇనుము. పక్కకి ఆపి చూస్తున్న, ఆయన కాలు నేలకి రాకిచ్చుకుంట, మొఖం తెల్లగైపోయి వచ్చిండు, నన్ను దాటి ఇంకో పది అడుగులు పోయి మట్టిల ఆగిండు. ముందు బ్రేకు రబ్బరు మొత్తం అరిగిపోయింది, లోపటి రేకు రిమ్ముని గీకుతుంది.

ఇగో, నేను తెచ్చిన, హ్యాండ్‌బ్యాగుల ఉంది. ఇదే ఆ ముక్క. పక్కోళ్ళకి పాస్ చెయ్యున్రి, అందరు చూడున్రి. కొత్త దానికి ఇక్కడ అడ్డంగ గాడులు ఉంటయి, గాడులు మాయమైనయంటె మార్చాలని అర్థం. దీనికి గాడులు లేవు, రబ్బరే లేదు, ఒక మూలకి ఇంత ఉంది. వానకాలం అంత ఇసుక, బురదల తొక్కిండు, ఆ ఇసుక రబ్బరుల దిగి ఆకురాయి లెక్క పనిచేస్తది. ఎక్సెల్ షీట్ల 42 లైన్లు ఉన్నయి, టైర్ గాలి ఉంది, చైన్ నూనె ఉంది, పల్లిపట్టీలు ఎన్నో కూడ ఉంది. బ్రేక్ రబ్బరు లేదు. (నవ్వులు) నేను తిట్టలే. నిజంగ, తిట్టలే, ఎందుకంటె నాక్కూడ యాదికి రాలే, చడావ్ ఎట్ల ఎక్కుతనో అన్న రంధిల దిగుడు గురించి ఇద్దరం చూడలే.

స్పేరు లేదు. ఎనుక బ్రేకు ఒక్కటే ఉంది, దాంతోని నిటారు ఉతార్ దిగరాదు. నడిచినం. సైకిళ్ళు పట్టుకొని, జర ఫ్లాట్ వస్తె ఎక్కుడు, మళ్ళ దిగి నడుసుడు. ఎక్కంగ తొక్కినం, దిగంగ నడిచినం, అట్లుంది మా కథ. దారిల పోయే ఒక ఆటో ఆయన ఆగి సైకిళ్ళు పైన కట్టుకుంట రమ్మన్నడు. సారు నా దిక్కు చూసిండు. నేను ముందున్న గదా, నేనే చెప్పాలె. వద్దులే అన్న. కోపంతోని కాదు, ఎండ మంచిగుంది, రోడ్డు పక్కన నీడ ఉంది, ఇద్దరం పక్కపక్కన నడుసుకుంట మాట్లాడుకున్నది ఆ రోజు మొత్తంల అప్పుడే. సైకిల్ మీద ముందు ఎనుక ఉంటం, ముచ్చట ఏమైతది? బిడ్డ పెండ్లి ముచ్చట, మా అత్తమ్మ మోకాళ్ళ ముచ్చట, ఆయన ఉద్యోగంల రెండేండ్లు మిగిలున్న ముచ్చట, అన్ని అయినయి.

సుంకరిమెట్ట దాటినంక లోయ తెరుచుకుంటది. చుట్టూ కొండలు, మధ్యల సుమారు 900 మీటర్ల ఎత్తుల ఫ్లాట్‌గ పొలాలు, కోసిన వరి మోపులు, వలిసె పూలు. పసుపు అంటె మన బంతి పసుపు కాదు, జర లేత, పొలం పొలమంత ఒకటే రంగు. అది నూనె గింజ, పూల తోట అనుకొని మనోళ్ళు లోపటికి పోయి తొక్కి ఫోటోలు దిగుతరు. ఒక పొలం కాడ తాడు కట్టి ఒక ముసలమ్మ మనిషికి 20 రూపాయలు తీసుకుంటుంది. సారు "పూలు చూడనీకి కూడ టికెట్టా" అని గొణిగిండు. నేను 40 ఇచ్చిన. గింజ రాలిపోయినంక ఆమెకి ఎవరిస్తరు?

అక్కడ కూసున్నం, సర్వపిండి మిగిలింది తిన్నం, టైం నాలుగున్నర. సారు లెక్క ప్రకారం ఇంకా గంటకి పైన వెలుగుంటది. ఆ లెక్క హైదరాబాద్ లెక్క! అరకు మనకంటె నాలుగు డిగ్రీలకి పైన తూర్పున ఉంది, ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటె మనకంటె ఓ 17, 18 నిమిషాలు ముందే పొద్దు గూకుతది. పైగ చుట్టూ కొండలు, సూర్యుడు కొండ ఎనుకకి పోయిండంటె ఇంక నీడే. గడియారంల సాయంత్రమే ఉంటది, రోడ్డు మీద చీకటి పడతది. నేను రోజు పిల్లలకి రేఖాంశాలు చెప్త, నాకు కూడ అక్కడ చీకటైనంకనే వెలిగింది. (నవ్వులు)

లైటు నా సైకిల్‌కి ఒక్కటే ఉన్నది. ఆయన ఎనుక ఎర్ర లైటు పెట్టుకున్నడు, ముందుది చార్జింగ్ అయిపోయింది. ఆఖరి ఐదారు కిలోమీటర్లు నా లైటు గుండ్రంగ రోడ్డు మీద పడుతుంటె, ఆయన నా ఎనుక టైరు పట్టుకొని వచ్చిండు. చలి పడ్డది. గుంత వస్తె నేను "ఎడమ" అని కేకేస్త, ఆయన ఎడమకి జరుగుతడు. వేరే మాటల్లేవు. అరకు లైట్లు కనబడ్డయి, పగలు పన్నెండున్నరకే అయిపోవాలన్న రోడ్డు ఆరు దాటినంక అయింది. ఫస్ట్ దుకాణంల ఆగి రెండు చాయ్‌లు చెప్పినం, సాక్సులు చేతులకే ఉన్నయి, అట్లనే గ్లాసు పట్టుకున్న, చాయ్ పోసినాయన నా చేతుల దిక్కు, నా మొఖం దిక్కు చూసి ఏం అనలే.

అయిపోయింది, ఎవరన్న ఏమన్న అడుగుతరా?

(ఒక శ్రోత: మేడం, మా ఇద్దరికి యాభై దాటినయి, మేము ఎక్కగలమా?)

మాకు కూడ దాటినయి. డాక్టర్‌ని ఒకసారి అడుగున్రి, తర్వాత వికారాబాద్ గుట్ట రెండు మూడు సార్లు ఎక్కి చూడున్రి. ఘాట్ మొత్తం వద్దనుకుంటె రైలుకి పోయి అరకుల దిగి, లోయల్నే తిరగున్రి, డుంబ్రిగుడ దిక్కు చాపరాయి దాక పోయి రావొచ్చు, అంత చడావ్ ఉండదు. మన ట్రాక్ మీద కాళ్ళకి ప్రాక్టీస్ అయితది గాని బ్రేకులకి కాదు, అందుకే గుట్ట ఎక్కి దిగాలె.

(ఇంకో శ్రోత: ఇప్పుడు కూడ మీరే ముందు పోతరా?)

చడావ్‌ల నేనే. ఫ్లాట్ మీద ఎదురుగాలి ఉంటె ఆయన్ని పంపుత, ఫ్రీగ వచ్చే గాలి అడ్డం ఎందుకు వద్దంట? ఈ మధ్య ఇంకోటి మొదలుపెట్టిండు, ఆగినప్పుడు నాకంటె ముందు ఎక్కడు, నేను ఎక్కినంక ఇరవై దాక లెక్కపెట్టి ఎక్కుతడు. నేను చెప్పలే, ఆయనే పెట్టుకున్నడు. ఎక్సెల్‌ల కూడ ఉందంట, 43వ లైన్ బ్రేక్ రబ్బరు, 44 ఇది.

ఆ బ్రేకు ముక్క ఎవరి దగ్గరుంది? ఎనుక లైన్ల? జర ఇటు పంపున్రి, అది ఇంట్ల టీవీ పక్కన పెట్టిండు, పోతె నన్నే అడుగుతడు.